నాన్నగారి సంవత్సరీకం ముందు ముగ్గురు తోబుట్టువులు: ఒక గుంటూరు కుటుంబం కేసు

మొదట ఫోను చేసింది అక్క. విజయవాడ పటమటలో ఉంటారు, వయసు యాభై దాటింది. "తమ్ముళ్లిద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. ఆశ్వయుజంలో నాన్నగారి సంవత్సరీకం. పెద్దవాడు వస్తే చిన్నవాడు ఏమంటాడో, రాకపోతే బంధువులు ఏమంటారో తెలియడం లేదు. అమ్మ సరిగా అన్నం తినడం లేదు. మీరు పెద్దవాడికి కాస్త నచ్చజెప్పగలరా?" అన్నారు. కుటుంబ తగువుల్లో మధ్యవర్తిత్వం నా వృత్తి. ఒకరి తరఫున మరొకరికి నచ్చజెప్పే పని పెట్టుకోనని, ముగ్గురూ వస్తానంటేనే కేసు తీసుకుంటానని చెప్పాను. వారం తిరగకుండానే ముగ్గురూ సరేనన్నారు. మాటల్లేని అన్నదమ్ములు అంత తొందరగా ఒప్పుకోవడం నాకు మంచి సూచనగానే తోచింది.

ఇది రాయడానికి ముగ్గురూ అనుమతించారు, చదివి చూశారు కూడా. వృత్తులు, వయసులు, మరికొన్ని ఆనవాళ్లు మార్చాను. పేర్ల బదులు అక్క, పెద్దాయన, చిన్నాయన అని రాస్తున్నాను.

కుటుంబం

తండ్రి గుంటూరులో ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యారు. బ్రాడీపేటలో సొంత ఇల్లు. తల్లి ఆ ఇంట్లోనే చిన్నాయన దగ్గర ఉంటున్నారు. చిన్నాయనకు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. పెద్దాయన ఒక ప్రైవేటు సంస్థలో ఉద్యోగి, అదే గుంటూరులో వేరే పేటలో కాపురం. తమ్ముళ్ల ఇళ్ల మధ్య ఆటోలో పది నిమిషాల దూరం. అక్క మాత్రం 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటూ ఇద్దరి మధ్యా తిరుగుతున్నారు.

ఆరేళ్ల క్రితం పెద్దాయన భార్యకు మూత్రపిండాల జబ్బు వచ్చి చాలాకాలం ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. ఆ రోజుల్లో పక్కింటివాళ్లు వచ్చి ప్రార్థన చేసేవారు. ఆమె కోలుకున్నాక దంపతులిద్దరూ ఒక చిన్న స్వతంత్ర సంఘంలో బాప్తిస్మం తీసుకున్నారు. సరిగ్గా ఆ ఏడాదే చిన్నాయన మొదటిసారి అయ్యప్ప మాల వేసుకున్నారు. రెండూ ఒకే ఏడాది జరగడం కేవలం యాదృచ్ఛికమని చిన్నాయన మాట. పెద్దాయన నమ్మలేదు.

గుంటూరుకు ఇది కొత్త సంగతి కాదు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ ఈ ఊరికి వచ్చినప్పటి నుంచి ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, రెండు మతాలు కాపురం చేస్తున్నాయి. వీళ్ల తండ్రి చదివిందే ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో. ఆయన అలమరలో పోతన భాగవతం పక్కనే బైబిలు ఉండేది. కొండమీద ప్రసంగంలోని వాక్యాలు ఆయనకు నోటికి వచ్చు. ఆ బైబిలు ఇప్పుడొక తగువు. "నాన్న నమ్మకానికి చాలా దగ్గరగా వచ్చారు" అని పెద్దాయన అంటారు. "నాన్న దాన్ని మంచి వచనం కోసం చదివారు" అని చిన్నాయన అంటారు. చనిపోయిన మనిషి మతం కోసం కూడా బతికున్నవాళ్లు పోట్లాడుకుంటారని ఈ వృత్తిలోకి రాకముందు నాకు తెలియదు.

గాయం ఎక్కడ తగిలింది

తండ్రి పోయిన రోజున పెద్దాయన పాడె మోశారు, తలకొరివి మాత్రం పెట్టలేదు. చిన్నాయన పెట్టారు. "పెద్దకొడుకు ఎదురుగా ఉండగా చిన్నవాడితో పెట్టించారు" అన్న మాట శ్మశానంలోనే మొదలై పెద్దకర్మ నాటికి బంధువులందరి నోళ్లలో పడింది. పెద్దకర్మకు పెద్దాయన వచ్చి బయట షామియానా కింద కుర్చీలో కూర్చున్నారు. భోజనం చేయకుండా వెళ్లిపోయారు. ఆ తరవాత అన్నదమ్ములు మాట్లాడుకోలేదు.

అయితే ముగ్గురికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అది మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు. తెల్లవారుజామున పెద్దాయన 'నేటి వాగ్దానం' అని ఒక వాక్యం బొమ్మ పెడతారు. పావుగంటలో చిన్నాయన ఆనాటి తిథి, వారం, నక్షత్రం, రాహుకాలం పెడతారు. అక్క రెండింటికీ చేతులు జోడించిన బొమ్మ పెడతారు. ఏడాది పొడవునా ఇదే సంభాషణ. ఆ ఫోను నా చేతికిచ్చి చూపించేటప్పుడు అక్కకే నవ్వు వచ్చింది.

ఆస్తి ఉందా?

ఇలాంటి కేసు వినగానే నా వృత్తిలోని మిత్రులు ముందు అనేది "మతం సాకు, అసలు తగువు ఆస్తి" అని. నేనూ ముందు అక్కడే వెతికాను. తండ్రి వీలునామా రిజిస్టరు చేయించే పోయారు. తల్లి బతికున్నంతకాలం ఇల్లు ఆమెది, తరవాత ముగ్గురికీ సమానం. దాని మీద ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ ఒక దూరపు బంధువు "మతం మారినవాడికి వాటా రాదు" అని చిన్నాయనతో అన్నాడట. ఆ మాట చిలవలు పలవలై పెద్దాయనకు "తమ్ముడు నీకు వాటా లేదంటున్నాడు" అని చేరింది.

ఈ అపోహ మన ప్రాంతంలో చాలామందికి ఉంది కాబట్టి రెండు ముక్కలు. వీలునామా ఉన్నచోట ఆ ప్రశ్నే లేదు. లేకపోయినా మతం మారినంత మాత్రాన ఆ మనిషికి పుట్టింటి వారసత్వం పోదు, 1850 నాటి చట్టమే ఆ అనర్హతను తీసేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షను పెట్టిన అడ్డంకి మతం మారినవారికి ఆ తరవాత పుట్టిన పిల్లలకు, వారి సంతతికి సంబంధించినది. హిందూ బంధువు చనిపోయేనాటికి వాళ్లు హిందువులు కాకపోతేనే అది వర్తిస్తుంది. పెద్దాయన పిల్లలిద్దరూ అంతకు ఎన్నో ఏళ్ల ముందు పుట్టినవాళ్లు. ఈ సంగతి ఒక న్యాయవాది ముందు కూర్చుని విన్నాక ఆస్తి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఎత్తలేదు కానీ తగువు అక్కడే ఉంది. అంటే ఇది నిజంగానే మతం గురించిన తగువు. మతాన్ని పక్కకు నెట్టి కింద ఇంకేదో ఉందని తవ్వడం ఇలాంటి చోట ఇద్దరినీ చిన్నబుచ్చడమే. ఒక మనిషి నమ్మకం కొద్దీ పిండం పెట్టలేనంటున్నాడు, ఇంకొక మనిషి నమ్మకం కొద్దీ పెట్టకపోతే నాన్నకు అన్యాయమంటున్నాడు. ముందు దాన్ని అలాగే వినాలి.

అక్క మందు

అక్క శుక్రవారాలు దుర్గమ్మ గుడికి వెళతారు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకూ వెళ్లి మేరీమాతకు కొవ్వొత్తి వెలిగించి వస్తారు. విజయవాడలో ఇలా రెండు కొండలూ ఎక్కేవాళ్లు వేలల్లో ఉంటారు. "దేవుళ్లందరూ ఒక్కటే, వీళ్లకెందుకురా ఈ పట్టుదలలు" అన్నది ఆవిడ మందు. ఇద్దరికీ అదే పోశారు. ఇద్దరికీ వికటించింది.

పెద్దాయన సంఘంలో మేరీమాత ముందు కొవ్వొత్తి వెలిగించడం కూడా విగ్రహారాధన కిందికే వస్తుంది. తమ్ముడి మతాన్ని గౌరవిస్తున్నాననుకుని అక్క గుణదల సంగతి ఉత్సాహంగా చెప్పినప్పుడల్లా ఆయన మొహం ముడుచుకునేది. ఇక చిన్నాయనకు ఆ మాట "నీ దీక్షా ఒకటే, వాడు దాన్ని కాదనడమూ ఒకటే" అన్నట్టు వినిపించేది. గాఢంగా నమ్మినవాడికి 'అన్నీ ఒక్కటే' అనే మాట ఓదార్పు ఇవ్వదు. నీ నమ్మకానికి విలువేమీ లేదని చెప్పినట్టుంటుంది. అక్క నమ్మకం కూడా నమ్మకమే, ఆవిడకు నిజంగానే అందరూ ఒక్కటే. అయితే అది ఆ ఇంట్లో మూడో మతం. మధ్యవర్తిత్వానికి పనికివచ్చే తటస్థ స్థలం కాదు. ఈ సంగతి ఆవిడతో విడిగా మాట్లాడినప్పుడు చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత "అయితే నేను కూడా వాళ్లలాగే ఒక పక్షమేనా?" అని అడిగారు. అవునన్నాను.

ఇంకొకటి కూడా ఆపవలసి వచ్చింది. ఇద్దరి మధ్య ఒత్తిడి భరించలేనంత పెరిగినప్పుడు మూడో మనిషిని లోపలికి లాగుతారు. అమెరికన్ మనోవైద్యుడు ముర్రే బోవెన్ దీన్నే త్రికోణం అన్నారు. ఈ ఇంట్లో ఆ మూడో కొన తల్లి. "అమ్మ బాధపడుతోంది" అన్న మాటను ముగ్గురూ మార్చి మార్చి వాడారు. ఆమె నిజంగా ఏమన్నారో ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు. అందుకే తల్లిని మొదటి సమావేశాలకు పిలవలేదు. ఒకరి మాట ఇంకొకరికి అక్క ద్వారా గానీ అమ్మ ద్వారా గానీ పంపకూడదని, చెప్పేదేదైనా నా గదిలో ఎదురెదురుగా చెప్పుకోవాలని షరతు పెట్టాను. గ్రూపులో వాక్యాలూ పంచాంగాలూ ఆపమనలేదు. ఆపమని నేనంటే ఆపినవాడు ఓడిపోయినట్టు లెక్కయ్యేది.

మూడు గడుల కాగితం

తోబుట్టువులతో పనిచేసేటప్పుడు నాకు ఎదురయ్యే పెద్ద అడ్డంకి వాళ్ల దగ్గరితనమే. పరాయి మతం స్నేహితుడు ఇంటికొస్తే "మీరు ఇది తింటారా, అక్కడ కూర్చోవచ్చా" అని అడుగుతాం. తమ్ముణ్ణి అడగం, తెలుసనుకుంటాం. మనకు తెలిసింది పదిహేనేళ్లప్పటి తమ్ముడే అయినా.

అందుకని ఒక కాగితం మీద మూడు గడులు గీసి ఇద్దరికీ ఇచ్చాను. సంవత్సరీకానికీ పండగలకూ సంబంధించి ఏది చేయలేరు, ఏది చేయగలిగినా చేయరు, ఏది ఇష్టం లేకపోయినా చేయగలరు. మొదటిది మనస్సాక్షికి సంబంధించినది, దాన్ని ఎవరూ బేరమాడకూడదు. బేరమంతా మిగతా రెంటిలోనే. ఇంటి దగ్గర రాసుకుని రమ్మన్నాను. అక్కకూ ఒకటి ఇచ్చాను. తనకు చేయలేనివేమీ లేవని ఆవిడ మొదటి గడి ఖాళీగా తెచ్చారు.

పెద్దాయన చేయలేనివి: పిండం, తర్పణం, నైవేద్యం పెట్టిన వంట తినడం. మూడోదానికి కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు విగ్రహాలకు అర్పించిన ఆహారం గురించి చెప్పిన అధ్యాయాల సంఖ్యలు కూడా పక్కన రాసుకున్నారు. చేయగలిగినా చేయనివి: పురోహితుడి ఎదురుగా పీట మీద కూర్చోవడం. ఇష్టం లేకపోయినా చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఇంటికి రావడం, సామాను తేవడం, ఖర్చులో సగం పెట్టుకోవడం, నాన్న ఫొటోకు దండ వేయకపోయినా దాని ముందు కాసేపు నిలబడటం, బంధువుల మాటలు పడటం.

చిన్నాయన చదివి "అన్నయ్యా, నువ్వు పాడె ఎందుకు మోశావు మరి?" అని అడిగారు. అందులో వెటకారం లేదు.

"అది నాన్నను మోయడం. దాంట్లో తప్పేముంది?"

"కొరివి పెడితే?"

"కుండ పట్టుకుని మంత్రం వెంట తిరగడం నా వల్ల కాలేదు. నిప్పంటించడమొక్కటే అయితే పెట్టేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు."

అప్పుడు పెద్దకర్మ భోజనం మాట వచ్చింది. చిన్నాయన ఏడాదిగా మోస్తున్న మాట ఇది: నాన్న పేరు మీద వండిన అన్నం ముట్టకుండా అన్న లేచి వెళ్లిపోయాడు. పెద్దాయన మోస్తున్నది వేరు: "చివరి బంతి లేచేదాకా కూర్చున్నాను. తినేవాణ్ణి కాదు, నిజమే. కానీ నాకు విస్తరే వేయలేదు. మా నాన్న కర్మలో నాకు విస్తరి లేదు."

చిన్నాయన తాను వేయొద్దని ఎవరితోనూ అనలేదని ఒట్టు పెట్టుకున్నారు. ఇద్దరూ అరుచుకునే దశలో ఉండగా అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, నేల వైపు చూస్తూ అన్నారు: "నేనే చెప్పాను వడ్డించేవాళ్లతో. వాడికి వేస్తే అందరి ముందూ తిననని చెప్పాల్సి వస్తుందని. వాడికి ఇబ్బంది కాకూడదని."

గదిలో చాలాసేపు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. తరవాత చిన్నాయన మెల్లగా నవ్వారు. పెద్దాయన నవ్వలేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నన్ను అడగాల్సింది అక్కా" అన్నారు.

చిన్నాయన కాగితం

ఇందులో అన్నకు కొత్త సంగతులు ఎక్కువ. మాలలో ఉన్న నలభై ఒక్క రోజులూ మాంసం వండే ఇంట్లో చిన్నాయన నీళ్లు కూడా తాగలేరు. మండల దీక్ష కార్తీకంలో మొదలై డిసెంబరు చివరిదాకా సాగుతుంది కాబట్టి క్రిస్మస్ ప్రతి ఏడూ దీక్షలోనే పడుతుంది. తమ్ముడు మాల వేసుకునేదే క్రిస్మస్ విందు తప్పించుకోవడానికని పెద్దాయన ఏళ్ల తరబడి నమ్ముతున్నారు. వదినగారు ప్రతి ఏడూ బిర్యానీ చేసి కబురు పెట్టడం, తమ్ముడు రాకపోవడం, ఆవిడ అన్నం ముందు పెట్టుకుని ఏడవడం. "నేను రాననడం కాదు. జనవరిలో ఎప్పుడైనా పిలిచారా?" అని చిన్నాయన అడిగారు. పిలవలేదు.

ఎదురుదెబ్బ కూడా ఉంది. శబరిమల నుంచి తెచ్చిన అరవణ ప్రసాదం డబ్బా వదినగారు తీసుకుని పనిమనిషికి ఇచ్చేశారు. అది పనిమనిషి నోటి వెంటే చిన్నాయన భార్యకు తెలిసింది. తినలేనని మొహం మీద చెప్పి ఉంటే బాధపడేవాణ్ణి కాదని ఆయన అన్నారు. పూర్తిగా నిజం కాదనిపించింది, కాస్త బాధపడేవారే. కానీ ఏడాదిపాటు కాదు.

ఇష్టం లేనివాటిలో ఆయన రాసిన ఒక వాక్యం దగ్గర అందరం ఎక్కువసేపు ఆగాం: "వదిన వాళ్ల కూడికలో నా పేరు పెట్టి ప్రార్థన చేయడం." తాను రక్షించబడాలని పదిమందిలో పేరు చదువుతారని ఆయనకు ఎవరో చెప్పారు. పెద్దాయన కాదనలేదు. "నీ కోసం ప్రార్థన చేయడం మానలేను. మానితే నిన్ను వదిలేసినట్టు నాకు" అన్నారు. నేను మధ్యలో కలగజేసుకుని, మానమని తమ్ముడు అడగడం లేదు కదా, పదిమందిలో పేరు చదవడం గురించి కదా అన్నాను. ఇంట్లో తలుపు వేసుకుని చేసుకునే ప్రార్థన మానడం పెద్దాయన మొదటి గడిలోకి వెళ్లింది. కూడికలో పేరు చదవడం మానడం మూడో గడిలోకి వచ్చింది. అది మానుకుంటామన్నారు.

తరవాత పెద్దాయన ఎవరూ అడగకుండానే ఇంకొక మాట అన్నారు. నాన్న నమ్మకుండా పోయారు, ఇప్పుడు ఎక్కడున్నారో అనుకుంటే తనకు రాత్రిళ్లు నిద్ర పట్టదని. చిన్నాయన చాలాసేపు అన్నవైపు చూశారు. పెద్దకొడుకు చేతి పిండం అందకుండా నాన్న ఎలా ఉన్నారో అని తనకూ పట్టదన్నారు.

ఇలాంటి చోట "చూశారా, ఇద్దరి బాధా ఒక్కటే" అని నేను అనలేదు. ఒక్కటి కాదు కూడా. ఒకరి లెక్కలో రెండోవారి ఊరట చెల్లదు. అన్నదమ్ములు ఆ భయాన్ని మొదటిసారి ఒకరికొకరు చెప్పుకున్నారు, నా పని దాన్ని అలాగే ఉండనివ్వడం.

ఆ రోజు ఎలా గడిచింది

ఏర్పాట్లలో పంచాంగం కొంత సాయం చేసింది. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, ఆ ఏడాది అది చనిపోయిన తేదీకి పదకొండు రోజుల ముందు పడింది. పెద్దాయన తన ఇంట్లో పెట్టుకోదలచిన జ్ఞాపకార్థ కూడిక ఇంగ్లీషు తేదీకి. కాబట్టి ఎవరూ ఎవరి రోజునూ వదులుకోనక్కర్లేకపోయింది.

భోజనం ముడి విప్పింది చిన్నాయనే. "నువ్వు వడ్డించు అన్నయ్యా. వడ్డించేవాడు ఆఖర్న కదా తినేది. ఆఖర్న తిన్నావో లేదో ఎవడు చూస్తాడు?" అన్నారు. తిననని దాచడం ఇష్టం లేదని పెద్దాయన మొదట బిగుసుకున్నారు. దాచమనలేదు, ఎవరైనా అడిగితే చెప్పు, అడగనివాళ్లకు చెప్పనక్కర్లేదు అన్న దగ్గర ఒప్పుకున్నారు. విస్తరి మాత్రం వేయాలని అడిగారు. అక్క ఇంట్లో వండి తెచ్చిన పెరుగన్నం అందులో పెట్టారు.

పురోహితుడు చిన్నాయనతోనే కర్మ చేయించారు, పెద్దాయన ఆ సేపు వీధి అరుగు మీద కూర్చున్నారు. తరవాత పంచె ఎగగట్టి మూడు బంతులకూ పప్పు, నెయ్యి వడ్డించారు. పెదనాన్న వరసాయన ఒకరు "ఇవాళ దేవుడు ఒప్పుకున్నాడా?" అని చురక వేశారు. "నేను రమ్మన్నాను బాబాయ్, మీరు తినండి" అని చిన్నాయన అన్నారట. 'బాబాయ్' అనాల్సిన వరస కాదని అక్క ఇప్పటికీ నవ్వుతారు.

కూడికకు చిన్నాయన ఒంటరిగా వెళ్లారు. తనను ఉద్దేశించి రక్షణ ఆహ్వానం ఇవ్వకూడదని ముందే పాస్టరుగారితో పెద్దాయన చేత చెప్పించుకున్నారు. ప్రార్థనలో కళ్లు మూసుకోలేదు, లేచీ పోలేదు. నాన్న లెక్కలు ఎలా చెప్పేవారో ఐదు నిమిషాలు మాట్లాడారు. పాస్టరుగారి ప్రసంగం ఆయనకు మరీ పొడుగనిపించింది. మన పురోహితుడిది మాత్రం పొట్టిదా అని అక్క అడిగితే సమాధానం చెప్పలేదు.

అన్నీ సర్దుకోలేదు. పెద్దాయన భార్య సంవత్సరీకానికి రాలేదు. చిన్నాయన భార్య కూడికకు వెళ్లలేదు. తోడికోడళ్ల మధ్య ఉన్నది వేరే కేసు, వాళ్లు రమ్మంటే తప్ప నేను ముట్టుకోను. వాట్సాప్ గ్రూపులో వాక్యాలు ఆగిపోయాయి, పెద్దాయన వాటిని తన స్టేటస్‌లో పెట్టుకుంటున్నారు. పంచాంగం మాత్రం వస్తూనే ఉంది. తిథి తెలియడం మంచిదేనని ఆయన ఊరుకున్నారు. ఏటిసూతకం తీరిందని చిన్నాయన మళ్లీ మాల వేసుకున్నారు. శబరిమల నుంచి వస్తూ అన్న ఇంటికి అరవణ బదులు బజారులో కొన్న కేరళ అరటికాయ చిప్స్ పట్టుకెళ్లారు. జనవరి మొదటివారంలో వదినగారు బిర్యానీకి పిలిచారు, వెళ్లారు. తమ్ముళ్లు నేరుగా మాట్లాడుకోవడం మొదలయ్యాక తనకు ఫోన్లు తగ్గిపోయాయని అక్క కాస్త నొచ్చుకుంటున్నారు.

తల్లి విషయం మిగిలి ఉంది. తన కొరివి ఎవరు పెట్టాలని ఆమె అనుకుంటున్నారో ఇంకా ఎవరూ అడగలేదు. పెద్దాయన కాగితంలో తరవాత చేర్చిన తలకొరివి ఇప్పటికీ మొదటి గడిలోనే ఉంది, పక్కన పెన్సిలుతో "నిప్పు మాత్రం?" అని చిన్నాయన చేతిరాత. వేసవి సెలవుల్లో మళ్లీ వస్తామన్నారు. ఈసారి అమ్మగారిని కూడా తీసుకురమ్మన్నాను.